చిన్నాన్న అనని మాట

మా దీవిలోని అబర్డీన్ బజార్‌లో ఒక బట్టల కొట్టు పైన మా ఆఫీసు. ఒకటే గది. అందులో పనిచేసేది ఇద్దరమే, దీదీ, నేను. దీదీ నాకు సొంత అక్క కాదు. బడిలో రెండు క్లాసులు పైన ఉండేది, అప్పటి పిలుపే నిలిచిపోయింది. వాళ్ల నాన్న శ్రీకాకుళం నుంచి టీచరుగా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా తాతలదీ ఆ చుట్టుపక్కలే. దీదీ తెలుగు బాగానే మాట్లాడుతుంది కానీ చదవడం రాదు. నాకు చదవడం మా చిన్నాన్న నేర్పాడు.

హోటళ్లకీ, డైవింగ్ నేర్పేవాళ్లకీ, ప్రైవేటు బోట్ల కంపెనీలకీ ఇంటర్నెట్‌లో మంచి పేరు తేవడం, వచ్చిన పేరు పోకుండా చూడటం మా పని. డిజిటల్ పీఆర్ అంటారు. అదేమిటో చిన్నాన్నకి వివరంగా చెప్పాను ఒకసారి. అంతా విని, "అంటే ఎవులేటి అనుకుంతన్నారో కాసుకోని కూకోడమా?" అన్నాడు. తర్వాత ఎవరడిగినా నేను ఆ మాటే చెప్పేదాన్ని.

ఏడాది చివర మా కస్టమర్లకి ఒక నోట్ పంపేవాళ్లం. వచ్చే ఏడాది ఈ రంగంలో ఏం మారబోతోంది, మనమేం చేయాలి అని. హిందీలో రాయడం నా వంతు, దాన్ని తీసుకెళ్లి మాట్లాడటం దీదీ వంతు. ఆ ఏడు నేను మూడు సంగతులు రాశాను. జనం ఇప్పుడు పది లింకులు తెరిచి చూడటం లేదు, ఏఐని ఒక ప్రశ్న అడిగి అది చెప్పిన ఒక్క జవాబు పట్టుకుని టికెట్ కొంటున్నారు, కాబట్టి మన గురించి మనం చెప్పుకునేదానికంటే బయటివాళ్లు రాసేదే లెక్కలోకి వస్తుంది. రెండోది, మెయిన్‌లాండ్ నుంచి విమానం దిగి రెండు రోజుల్లో రీల్స్ తీసుకుపోయే పెద్ద ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద నమ్మకం తగ్గుతోంది, ఇక్కడే పుట్టి పెరిగిన మామూలు మనిషి మాట వింటున్నారు. మూడోది గొంతుల గురించి. ఒక్క నిమిషం రికార్డింగ్ దొరికితే చాలు, మెషీన్ ఆ గొంతుతో ఏదైనా పలికిస్తుంది, అందుకే వచ్చే ఏడాది అసలు మనిషి అసలు గొంతుకి విలువ పెరుగుతుంది, దాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి అని రాశాను. దీదీ చదివి, "బఢియా హై. మూడోది చాలా బాగుంది" అంది. నాకు సంతోషమేసింది.

చిన్నాన్న సర్కారు బోట్లు నడిపే సరంగుగా చేసి రిటైరయ్యాడు. చిన్నమ్మ పోయి చాలా కాలమైంది. పిల్లల్లేరు. రాత్రి భోజనం గోల్ ఘర్‌లో మా ఇంట్లోనే. అన్నం తింటూ పాత కబుర్లు చెప్పేవాడు, సగం తెలుగు, సగం హిందీ. లాంగ్ ఐలాండ్ దీవికి వెళ్లే బోటులో ఒకామెకి నొప్పులొస్తే, ముసలమ్మలు చీరలు అడ్డం కట్టి పురుడు పోశారట. ఇంకోసారి బోటు నిండా జనం ఎక్కాక గాలి తీరు నచ్చక తాళ్లు విప్పనన్నాడట. ప్రయాణికులు తిట్టారు, ఆఫీసరు తిట్టాడు, ఈయన జెట్టీ మీద కూర్చుని బీడీ కాల్చుకున్నాడు. "తిట్లకేటి, ఒడ్డు మీదున్నోడే కదా తిట్టగల్డు" అనేవాడు.

ఇవన్నీ పోకూడదని ఫోన్‌లో రికార్డు చేయడం మొదలుపెట్టాను. మొదట్లో సిగ్గుపడ్డాడు. "ఇయ్యి ఎవులికీ ఇనిపించకు" అన్నాడు. "మన దగ్గరే ఉంటాయి చిన్నాన్నా" అన్నాను. కొన్నాళ్లకి ఫోన్ పెట్టిన సంగతే మర్చిపోయి మాట్లాడేవాడు. నలభైకి పైగా అయ్యాయి. ఒకరోజు దీదీ, "ఫోన్ నీళ్లలో పడితే అన్నీ పోతాయి. ఆఫీసు డ్రైవ్‌లో కూడా ఒక కాపీ పెట్టు" అంది. నా మంచికే చెప్పిందనుకున్నాను. ఇప్పటికీ, ఆ రోజు మట్టుకు మంచికే చెప్పిందనుకుంటాను.

మరుసటి జూన్‌లో వానలు పట్టుకున్నాయి. మా కస్టమరైన ఒక కంపెనీ ప్రైవేటు బోటు హావ్‌లాక్ దీవికి వెళ్తూ నడిసముద్రంలో ఇంజను ఆగి రెండు గంటలు కొట్టుకుపోయింది. ప్రాణాలేమీ పోలేదు. కానీ లోపల జనం వాంతులు చేసుకుంటూ ఏడుస్తున్న వీడియో బయటికొచ్చింది. టికెట్లు రద్దయిపోయాయి. కంపెనీవాళ్లు దీదీకి గంటగంటకీ ఫోన్లు. నేను ఆ వారం అమ్మకి జ్వరమని ఇంట్లోనే ఉన్నాను. దీదీయే "నేను చూసుకుంటాలే, నువ్వు ఆంటీని చూసుకో" అంది.

అమ్మకి నెమ్మదించాక ఆఫీసుకి వెళ్లిన మొదటి రోజు. పదకొండు గంటలవుతుంటే మెట్ల మీద బరువుగా అడుగుల చప్పుడు. చిన్నాన్న. అన్నేళ్లలో ఒక్కసారి కూడా మా ఆఫీసుకి రాలేదాయన. గొడుగు ముడవకుండానే లోపలికొచ్చాడు. అలవాటు కొద్దీ పొద్దున్నే ఫీనిక్స్ బే జెట్టీకి వెళ్లాడట. టికెట్ల లైను పక్కన పాత బోటు సిబ్బంది కూర్చుని ఉంటారు. వాళ్లలో ఒకాయన, "క్యా భయ్యా, నువ్వు కూడానా?" అని ఫోన్ చెవి దగ్గర పెట్టాడట.

"ఏదో నాను అన్నానంట. నీ ఫోన్ల ఉంటాదంట. పెట్టు, నీతో పాటు మల్లీ ఇంతాను" అన్నాడు.

వెతికితే వెంటనే దొరికింది. తెల్లటి బోటు, కింద ఆకుపచ్చ నీళ్లు, పైనుంచి తీసిన బొమ్మలు. వెనకాల చిన్నాన్న గొంతు. దగ్గు ముందు వచ్చే ఆ చిన్న గరగర కూడా ఉంది. "నలభై ఏళ్లు ఈ సముద్రం మీద తిరిగాను. అల చూస్తే బోటు సంగతి చెప్పేస్తాను. వానాకాలమైనా సరే, నా మనవరాలిని ఈ బోటు ఎక్కించి నిశ్చింతగా నిద్రపోతాను." తెలుగులో ఒకటి, హిందీలో ఒకటి. హిందీలో అయితే ఆయన ఎన్నడూ మాట్లాడనంత శుభ్రంగా మాట్లాడుతున్నాడు.

అయిపోయాక చిన్నాన్న గొడుగు ముడిచి గోడకి ఆనించాడు.

"నాకు మనవరాలెక్కడుందే?" అన్నాడు చిన్నాన్న.

నేను వీడియో మూసేశాను.

"నువ్వు సేసినావా?"

"లేదు చిన్నాన్నా. ఒట్టు."

"మరి నా గొంతు ఆల్లకెలాగెల్లింది?"

దానికి నా దగ్గరున్న జవాబు ఒక్కటే. నేనే ఇచ్చాను. డ్రైవ్ అంటే ఏమిటో, కాపీ ఎందుకు పెట్టానో చెప్పబోయాను. సగంలోనే చెయ్యి అడ్డం పెట్టాడు. "మన దగ్గరే ఉంటాయన్నావు" అన్నాడు. కోపంగా అనలేదు. ఆ మాట నేను అన్నానో లేదో సరిచూసుకుంటున్నట్టు అన్నాడు. అప్పుడే దీదీ లోపలికొచ్చింది. ఆమెని చూసి, ఏమీ అడక్కుండా, గొడుగు తీసుకుని మెట్లు దిగిపోయాడు.

"ఎవరు చేశారు ఇది?" అని దీదీని అడిగాను, తెలిసే.

"కూర్చో. ముందు మంచినీళ్లు తాగు."

"ఎవరు చేశారు?"

"నేనే చేయించాను. ఇంకో దారి లేదు యార్. కంపెనీ మూతపడితే అందులో పనిచేసే ముప్పై మంది ఏమవుతారు? ఇంజను బాగుచేశారు. బోటు బాగానే ఉంది. నేను అబద్ధమేం చెప్పించలేదు."

"చిన్నాన్న ఆ మాట అనలేదు."

"ఆయన పేరు ఎక్కడైనా వేశామా? ఎవరో పాత సరంగు అన్నాం. అంతే."

"ఈ ఊళ్లో ఆ గొంతుకి పేరెందుకు దీదీ?"

ఆమె కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. "నీ నోట్‌లో ఉన్నదే కదా. ఇక్కడి మనిషి మాటే నమ్ముతారని రాశావు. ఒక్క నిమిషం రికార్డింగ్ చాలని కూడా నువ్వే రాశావు."

"జాగ్రత్తపడమని రాశాను."

"నువ్వు అలా రాశావు. నేను ఇలా చదివాను."

"నన్నొక్క మాట అడగాలనిపించలేదా?"

"అడిగితే వద్దంటావు" అంది. అందులో తడబాటు లేదు. అబద్ధమాడినా ఇంత నొప్పి పుట్టేది కాదనుకుంటాను. అమ్మని చూసుకోమని ఆమె అంత ప్రేమగా ఇంట్లో ఉండమన్నదెందుకో కూడా అప్పుడే అర్థమైంది.

సాయంత్రానికి దీదీ వీడియో తీసేసింది, డ్రైవ్‌లో కాపీలు కూడా తీసేశానంది. కానీ అప్పటికే జనం వాట్సాప్‌లో పంచుకున్నారు. నాలుగైదు ట్రావెల్ పేజీలు "స్థానిక సరంగు భరోసా" అని రాసేశాయి. రెండు రోజుల తర్వాత ఏఐని అడిగి చూశాను, వానాకాలంలో హావ్‌లాక్‌కి ఏ బోటు మంచిదని. అనుభవమున్న ఒక రిటైర్డ్ సరంగు తన మనవరాలిని ధైర్యంగా ఎక్కిస్తానన్నారంటూ ఆ బోటు పేరు చెప్పింది. ఆ జవాబు ఎక్కడినుంచి వచ్చిందో, ఎందుకు వచ్చిందో నాకు పూర్తిగా తెలుసు. నా నోట్‌లో మొదటి సంగతే అది. దాన్ని వెనక్కి తీసుకోవడం ఎలాగో మాత్రం తెలియదు.

నిజం చెబుతూ ఒక వీడియో చేద్దామని చిన్నాన్నని అడిగాను. "మల్లీ నా గొంతేనా?" అన్నాడు. ఇంకేం అడగను? నేనే కెమెరా ముందు కూర్చున్నాను. ఆ మాట మా చిన్నాన్న అనలేదని, ఆయన గొంతు నా చేతుల్లోంచే పోయిందని, ఆయనకి మనవరాలే లేదని హిందీలోనూ తెలుగులోనూ చెప్పి నెట్‌లో పెట్టేశాను. మొదటి వీడియోని చూసినవాళ్లలో పదోవంతు కూడా దాన్ని చూడలేదు. బోటు కంపెనీవాళ్లు మాత్రం చూశారు. మర్నాడు ఆఫీసుకెళ్లి కంప్యూటర్ తెరిస్తే ఒక్క పాస్‌వర్డూ పనిచేయలేదు. దీదీ తన ఫోన్ చూసుకుంటూ, "కొన్నాళ్లు రెస్టు తీసుకో" అంది. నా టిఫిన్ డబ్బా, రెండు పుస్తకాలు సంచిలో వేసుకుని వచ్చేశాను.

ఆ ఆదివారం చిన్నాన్న ఆ రికార్డింగులన్నీ తీసేయమన్నాడు. పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే తీసేశాను. పురుడు కథ దగ్గర నా వేలు ఆగింది. "ఇదొక్కటీ ఉంచుకోనా?" అని అడిగాను. ఆయన కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయాడు. తీసేశాను.

ఇప్పుడు ఇంటి దగ్గరే పిల్లలకి ట్యూషన్ చెబుతున్నాను. చిన్నాన్న రోజూ భోజనానికి వస్తాడు. నన్ను ఒక్క మాటా అనలేదు. కూర బాగుందంటాడు, వాన తగ్గిందంటాడు. ఫీనిక్స్ బే వైపు మాత్రం చాలా రోజులు వెళ్లలేదు. ఈ మధ్యే మళ్లీ వెళ్తున్నాడు. అక్కడ కొందరు ఆయన మాట నమ్మారట, కొందరు నవ్వి ఊరుకున్నారట. ఇదీ ఆయన చెప్పలేదు, మా నాన్న చెప్పాడు.

పోయిన నెల గోల్ ఘర్‌లో కూరగాయల కొట్టు దగ్గర దీదీ కనిపించింది. తనే పలకరించింది. "ఇంకా కోపంగా ఉన్నావా?"

"ఆఫీసు డ్రైవ్‌లో ఉన్న కాపీలు తీసేశావా?" అని అడిగాను.

"తీసేశానని అప్పుడే చెప్పాను కదా."

ఆమె ముఖంలోకి చూశాను. బడిలో ఉన్నప్పుడు ఆమె అబద్ధమాడితే ఇట్టే పట్టేసేదాన్ని, నవ్వు దాచుకోలేకపోయేది. ఇప్పుడు ఎంత చూసినా ఏమీ తెలియలేదు. దీదీ బుట్టలోంచి వంకాయలు ఏరుకుంటోంది. "ఆంటీ ఎలా ఉన్నారు?" అంది. బాగుందని చెప్పి, ఏమీ కొనకుండానే ఇంటికి వచ్చేశాను.