టైరుకు నిద్ర రాదు

ఒక మనిషి పేరు పాడుచేసి, ఇన్నేళ్లూ ఏమీ ఎరగనట్టు అన్నం తిన్నాను. మోసీ మోసీ అలవాటైపోతుందనుకున్నాను. కాలేదు. నెత్తిమీది బరువైతే అలవాటయ్యేదేమో. ఇది గొంతులో ఇరుక్కున్న వెంట్రుక. మింగలేను, ఉమ్మలేను.

దీన్ని అచ్చులో చదివే నువ్వెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లకు చెప్పగలిగితే ఎప్పుడో చెప్పేదాన్ని. నా పేరు రాయను. అంగడి పేరూ రాయను. చిత్తూరులో, వేలూరు పోయే రోడ్డు మీద మాకు టైర్ల అంగడి ఉండేది, అంతవరకు చాలు. మా ఇంటాయనకు పక్షవాతం వచ్చాక అంగడిని నేనే చూసుకున్నాను. అప్పటికి నాకు అక్షరాలు రావు. అంకెలు మాత్రం బాగా వచ్చు. నా పాపమంతా ఈ రెండు మాటల మధ్యే ఉంది.

టైరు పక్కగోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. ముందు రెండూ అది తయారైన వారం, వెనక రెండూ ఏడాది. మంచం పట్టకముందు మా ఆయన నా వేలు పట్టుకుని వాటిని తడిమించి మరీ చెప్పాడు. మా అంగడి వెనక రేకుల కింద నాలుగు టైర్లు ఏళ్ల తరబడి ఎండకు ఎండుతూ పడి ఉండేవి. ఎప్పుడూ రోడ్డెక్కలేదు కాబట్టి గాట్లు నిండుగా ఉన్నాయి. చూసేవాళ్లకు కొత్తవే. రబ్బరు మాత్రం కొయ్యబారిపోయింది. అలాంటివి ఎండలో బాగానే తిరుగుతాయి. వానలో రోడ్డును పట్టవు. ఇదీ నాకు తెలుసు.

ఒకరోజు రిటైరైన ఒక సారు వచ్చారు. ఆయన భార్యకు తలలో ఆపరేషన్ అయింది. నెలనెలా వేలూరు ఆసుపత్రికి తీసుకుపోవాలి. చిన్న చప్పుడుకే ఆమెకు తల పగిలిపోతుంది. వాళ్లది డిక్కీ ఉన్న కారు, ఇంటిల్లిపాదీ కూర్చునేది. సద్దు చేయని టైర్లు కావాలి, చాలాకాలం రావాలి, మళ్లీ మళ్లీ మార్చే ఓపిక లేదు అన్నారు. నువ్వే చూసి వేయించమ్మా అని కారును డ్రైవర్ మణి చేతికిచ్చి, ఆటో ఎక్కి వెళ్లిపోయారు.

ఆయన అడిగిన రకం, మెత్తగా, చప్పుడు లేకుండా పోయేవి, అరలో ముందు వరసలోనే ఉన్నాయి. నేను అంగడి వెనక్కి వెళ్లాను.

ఎందుకు వెళ్లాను? దీనికి ఎన్ని జవాబులు వెతికానో. మా ఆయన మందుల ఖర్చా? అంగడి బాగానే నడుస్తోంది, అబద్ధం చెప్పను. ఆ సారు మీద కోపమా? మనిషిని ఎక్కువ ఎరగను కూడా. చివరికి మిగిలిన జవాబు ఒక్కటే. నమ్మేవాడు దొరికాడు కాబట్టి అమ్మాను. అనుమానపడేవాడైతే మంచివే ఇచ్చేదాన్ని. ఆ టైర్లను గుడ్డతో, పాలిష్‌తో నల్లగా నిగనిగలాడేట్టు రుద్దాను. శవానికి స్నానం చేయించి బొట్టుపెట్టినట్టు. ఆ పాలిష్ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పక్కకు తప్పుకుంటాను.

మణి ఒక టైరును గోటితో నొక్కి చూశాడు.

“ఏం మా, రబ్బరు ఇంత గట్టిగా ఉండాదే! గోరు దిగలా సూడు.”

“గట్టిగా ఉంటేనే గదప్పా అరగదు. మీ సారు అడిగింది అదే గదా?”

“సద్దు గూడా ఉండకూడదంట మా. ఆయమ్మ తట్టుకోలేదు.”

“తిరిగేకొద్దీ సర్దుకుంటాది. కొత్త చెప్పు కరవదా ఏంది?”

అతను వంగి పక్కగోడ మీద వేలు పెట్టాడు. “ఈడ నాలుగు అంకెలు ఉండాయే, ఇవేంది మా?”

“సదువు రానిదాన్ని పట్టుకుని అడగతావు సూడు! కంపెనీవోళ్లు వాళ్ల లెక్కకు ఏసుకుంటారు. నాకేం తెలస్తాది?”

“నేను మాత్రం యాడ సదివినాను మా, ఐదుతో ఆపేసినా.”

“అయితే ఇద్దరం ఒకటే. జాకీ ఎక్కించు.”

అతను నవ్వాడు. నేనూ నవ్వాను. సదువు రానిదాన్ని. ఆ మాట చెప్పి ఎంతమంది దగ్గర జాలి తీసుకున్నానో, ఎన్నిసార్లు దాని వెనక దాక్కున్నానో లెక్కలేదు. చదువు రాకపోవడం నా తప్పు కాదు. దాన్ని ముసుగు చేసుకోవడం నా తప్పు.

కొన్నాళ్లకు ఆ కారు అంగడి ముందు ఆగింది. వెనక సీట్లో ఆవిడ, చెవుల్లో దూది, తలకు తువ్వాలు చుట్టుకుని ఉంది. సద్దు తగ్గలేదమ్మా అన్నారు సారు. నేను టైరు మీద చెయ్యివేసి, ఇంకొంచెం తిరగనీయండి, తగ్గిపోతుంది అన్నాను. ఆవిడ నా మాట నమ్మి తల ఊపింది. ఆ తల ఊపడం కూడా ఆమెకు నొప్పే అయి ఉంటుంది. అప్పుడైనా మార్చి ఉండవచ్చు. మార్చలేదు. మారిస్తే ముందు చెప్పింది అబద్ధమని తేలుతుంది కదా.

వానాకాలంలో ఒక పొద్దున, రాత్రంతా ఆసుపత్రిలో గడిపి వేలూరు నుంచి తిరిగి వస్తుంటే, వెనక సీట్లో ఇద్దరూ కునుకులో ఉండగా, రోడ్డు మీద నీళ్లు నిలిచిన చోట కారు అడ్డం తిరిగి డివైడర్‌ను గుద్దింది. సారుకు, మణికి దెబ్బలు. ఆవిడకు తుంటి విరిగింది. మళ్లీ సొంత కాళ్ల మీద నడవలేదు. బ్రేకు వేశాను, బండి నిలవలేదు అని మణి అందరికీ చెప్పాడు. సారు చేతికి కట్టుతో నా దగ్గరకొచ్చి, టైర్లలో ఏమైనా లోపం ఉందా అమ్మా అని అడిగారు. నిలదీయడానికి కాదు. నిజంగా తెలుసుకోవాలని వచ్చారు. నా మీద ఆయనకు అప్పటికీ నమ్మకమే.

“టైరుకు నిద్ర రాదు సారూ,” అన్నాను. “మనిషికొస్తాది.”

అంతే. మణి కునుకు తీశాడని సారే అనుకున్నారు. నేను ఇంకో మాట అనాల్సిన పని లేకపోయింది.

తర్వాత, మీకెందుకు సారూ శ్రమ అని మేలు చేస్తున్నట్టు మాట్లాడి, ఆ నాలుగు టైర్లూ నేనే విప్పించి ఇటుకబట్టీకి తోలించాను. కాలిపోయాయి. నా మాట మాత్రం ఊరంతా తిరిగింది. మణిని పనిలోంచి తీసేశారు. వేరే ఎవరూ స్టీరింగు ఇవ్వలేదు. డ్రైవర్లు అతనికి నిద్ర మణి అని పేరు పెట్టారు. మా అంగడి బెంచీ మీద కూర్చునే ఆ పరాచికాలు. ‘ఏం నిద్ర మణీ, తెల్లారిందా?’ అని ఒకడంటే మిగతావాళ్లు పగలబడేవాళ్లు. ఒకసారి నేను కూడా నవ్వాను. నవ్వకపోతే అనుమానం వస్తుందని కాదు. నవ్వొచ్చింది, నవ్వాను. ఆడదాన్ని, ఒక బిడ్డను కన్నదాన్ని. ఛీ.

అతను మామిడి మండీలో బుట్టలు మోసే పనికి పోయాడు. అక్కడితో ఆగి ఉంటే ఇది ఒక మోసం కథ, అంతే. ఆగలేదు. ఒక మధ్యాహ్నం మండీ నుంచి పోతూ పోతూ మణి అంగడి దగ్గర నిలబడ్డాడు. టీ తెప్పించి ఇచ్చాను. తాగుతూ తాగుతూ అన్నాడు.

“ముందంతా నేను నిద్రపోలేదనే సెప్పినాను మా. ఇప్పుడు నాకే అనుమానంగా ఉండాది. ఇంతమంది అంటా ఉండారే, కన్ను మూసినానేమో. మూసినోడికి మూసినట్టు తెలస్తాదా? ఆయమ్మను నేనే కుంటిదాన్ని సేసినానేమో.”

నేనేమన్నానో తెలుసా? “పోనీలే నాయనా, అయిపోయింది గదా. బన్ను తింటావా?” అన్నాను.

బన్ను. అతని కళ్లు తెరిచి ఉన్నాయని అతనికంటే బాగా తెలిసినదాన్ని నేను. అతని పని తీసేశాను, పేరు తీసేశాను, ఆఖరికి తన కళ్ల మీద తనకున్న నమ్మకం కూడా తీసేసి, దాని బదులు బన్ను ఇచ్చాను. అతను తిన్నాడు. వద్దనలేదు. చేతులెత్తి దండం కూడా పెట్టాడు. ఆ దండం గుర్తొస్తే నా ఒళ్లు నాకే కంపు కొడుతుంది.

మా ఆయన పోయాక అంగడి అమ్మేశాము. పొదుపు సంఘం ఆడవాళ్లతో కలిసి సాయంత్రం బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. ఈ వయసులో నేర్చుకున్న తల్లి అని నన్ను వేదిక ఎక్కించి శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. ఇన్నాళ్లూ చీకట్లో ఉండి వెలుగులోకి వచ్చిందని పంతులమ్మ మైకులో చెప్పింది. చీకటా? చదవాల్సిన నాలుగు అంకెలు నేను పట్టపగలే చదివాను. శాలువా ఇంటికి తెచ్చి, చేతులు సబ్బుతో కడుక్కున్నాను. ఎందుకు కడిగానో అప్పుడు తెలియలేదు.

మండీకి పోయి మణికి ముఖం మీద చెబితే సరిపోదా అని నువ్వడుగుతావు. నన్ను నేనూ అడిగాను. మండీ గేటు దాకా రెండుమూడుసార్లు పోయాను. ఎవరినైనా పట్టుకుని మొహం మీద దులిపేసే నేను, అక్కడినుంచే వెనక్కి తిరిగి వచ్చేశాను. క్షమించు అంటే అతను క్షమించేస్తాడు. ఆ రకం మనిషి. అతని దగ్గర అది కూడా లాక్కోవడానికా నేను పోయేది? లేకపోతే ఇదంతా భయానికి నేను చెప్పుకుంటున్న సాకా? రెండూ అయి ఉంటాయి. సారు, ఆవిడ ఇప్పుడు కూతురి దగ్గర ఉంటున్నారట. ఆమె చక్రాల కుర్చీలోనే ఉందట. మణి మీద కోపం వాళ్లకింకా ఉందో లేదో నాకు తెలియదు.

నా పేరు దాచాను, చూశావు కదా. ఇంత రాసి కూడా దాచాను. పిరికిదాన్నే. అతని పేరు మాత్రం మార్చలేదు. అచ్చులో పడితే చదువుకుంటాడు, ఐదో తరగతి దాకా చదివినవాడే.

మణీ, ఆ పొద్దున నువ్వు నిద్రపోలేదు. నీ కళ్లు తెరిచే ఉన్నాయి. నువ్వు బ్రేకు వేశావు. టైర్లు పాతవి. అవి పాతవని నాకు తెలుసు, తెలిసే వేయించాను.

రాసేశాను. నోరు ఇంకా చేదుగానే ఉంది, కక్కుకున్నాక ఉండే చేదు. కడుపులో మాత్రం ఇక ఏమీ లేదు.