మల్లేశన్న స్టాండు మీద ఇంగ్లండు

ఆదివారం సైకిలు తొక్కి వచ్చాక పెరట్లో గొట్టం పెట్టి కడుగుతాను. ఇంగ్లండులో మేముంటున్న ఈ డెవన్ ప్రాంతంలో పొలాల మధ్య దారులన్నీ ఎర్రమట్టి. మడ్‌గార్డు లోపల ఎండి గట్టిపడిన మట్టి మీద నీళ్ళు పడగానే గప్పున ఒక వాసన లేస్తుంది. నేను చేతిలో గొట్టం పట్టుకుని అలాగే నిలబడిపోతాను. నీళ్ళు చెప్పుల్లోకి పోతుంటాయి. కిటికీలోంచి మా ఆవిడ, "కడిగిందే ఎంతసేపు కడుగుతారండీ, రంగు పోగలదు" అంటుంది. ఆమెకు సంగతి తెలుసు. తెలిసే ఆ మాట అంటుంది, నన్ను ఇటు లాగడానికి.

ఈ మట్టి వాసన నేను మొదట చూసింది ఇక్కడ కాదు, సౌదీలో. మాది నరసాపురం. మా ఆవిడకు అల్ ఖోబర్‌లో ఆస్పత్రి నర్సుగా ఉద్యోగం. నేను అజీజియాలో ఆట సామాన్లూ సైకిళ్ళూ అమ్మే ఒక దుకాణంలో కాగితాల పని చూసేవాణ్ణి. ఇఖామాలనే నివాస కార్డులు, సెలవులు, వీసాలు అన్నీ నా కంప్యూటరులోంచే వెళ్ళాలి. ఆ దుకాణం వెనక గదిలో సైకిళ్ళు బాగుచేసే మనిషి మల్లేశన్న. కోరుట్ల పక్క పల్లె. నేను చేరేనాటికే పదిహేడేళ్ళుగా ఆ గదిలో ఉన్నాడు. నేను మొదటిరోజు టై కట్టుకుని వెళితే పైకీ కిందికీ చూసి, "చైన్ల పడ్తది తమ్మీ, జర లోపల చెక్కుకో" అన్నాడు. ఆ టై మళ్ళీ నేను కట్టలేదు.

అతని దగ్గరికి వచ్చేవాళ్ళలో ఒక ఇంగ్లీషు ఇంజనీరు ఉండేవాడు. మల్లేశన్నకు అతను గోరాసాబ్. ఏటా వేసవిలో సైకిలు పెట్టెలో పెట్టుకుని ఇదే డెవన్‌లో ఉన్న సొంతూరు వెళ్ళి, అక్కడి కొండదారుల్లో తిరిగి, మళ్ళీ ఖోబర్ తెచ్చేవాడు. తిరిగొచ్చిన సైకిలును మల్లేశన్న వెంటనే కడిగేవాడు కాదు. మడ్‌గార్డులో ఎండిన మట్టిని స్క్రూడ్రైవరుతో గీకి, అరచేతిలో వేసుకుని, రెండు చుక్కల నీళ్ళు పోసి వాసన చూసేవాడు. "సూడు, గిది అచ్చం మా చెల్క లెక్కనే ఉన్నది. గీ గోరాసాబ్ కోరుట్ల పొయ్యొచ్చి మనకు ఇంగ్లండని చెప్తుండు" అనేవాడు. చెల్క అంటే వాళ్ళ వైపు ఎర్రనేల. మాది నల్లమట్టి, ఆ మాట నాకు అతనే నేర్పాడు.

గేర్లు బిగించడంలో ఒక చిక్కు ఉండేది. ఖోబర్ పళ్ళెంలా చదునుగా ఉంటుంది. ఎక్కుడు లేదు, దిగుడు లేదు. కొండల్లో తొక్కబోయే సైకిలును అక్కడ పరీక్షించడం ఎలా? మల్లేశన్న దానికొక ఉపాయం కనిపెట్టాడు. గోరాసాబ్ తన ఊరి దారుల వివరాలు రాసుకున్న కాగితాలు అడిగి తీసుకున్నాడు. ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి, ఏ చర్చి దగ్గర తిరగాలి అన్నీ వాటిలో ఉండేవి. శుక్రవారం పొద్దున సైకిలును స్టాండుకు తగిలించి, చేత్తో పెడలు తిప్పుతూ నన్ను చదవమనేవాడు. "రెండు మైళ్ళు మెల్లగా ఎక్కుడు" అని నేను చదివితే గేరు తగ్గించేవాడు. "చర్చి దాటాక ఎడమకు, నిటారుగా దిగుడు, కింద రాతి వంతెన" అంటే చక్రం రయ్యిమని తిరిగేది, వంతెన దగ్గర బ్రేకు పడేది. ఒకరోజు "కేటిల్ గ్రిడ్" అని వచ్చింది. నాకు తెలియదు. పశువుల దొడ్డి కాబోలన్నాను. అతను పెడలు ఆపి, "అయితే బర్లు అడ్డమొస్తయ్. ముందు బ్రేకు ఇంకింత బిగించాలె" అని నిజంగానే బిగించాడు. అది పశువులు దాటకుండా దారికి అడ్డంగా పరిచే ఇనప కడ్డీల వరస అని ఇక్కడికి వచ్చి, దాని మీద పళ్ళు టకటకలాడాక గానీ నాకు తెలియలేదు.

నేను సైకిలు తొక్కడం మొదలుపెట్టింది అతని బలవంతం మీదే. ఖోబర్‌లో ఉన్న ఒకే ఒక్క ఎత్తు, ఫ్లైఓవరు. దాని సగంలో నాకు ఊపిరాడక కాలు కింద పెట్టాను. అతను వెనక్కి తిరిగి వచ్చి తిట్టాడు. "ఎక్కుడు మీదికొచ్చినంక గేరు మారుస్తవా? అప్పుడు చైను పట్టదు. దూరంకెల్లి కనవడంగనే మార్చాలె." అతను చెప్పింది సైకిలు గురించే. ఏదైనా మీదికొచ్చేదాకా ఆగే నాకు మాత్రం చాలా విషయాల్లో అది చెంపపెట్టు.

తర్వాత సౌదీ వాళ్ళకే ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాకత్ లెక్కలు బిగిశాయి. సౌదీ వాళ్ళు తగినంతమంది లేరని మా దుకాణం ఎరుపు జాబితాలో పడింది. దాని మీద పరాయి దేశపు పనివాడికి ఇంతని లెవీ పన్ను. ఒక్కొక్కరినే తగ్గించడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే మల్లేశన్న భార్యకు కంటి ఆపరేషన్ వచ్చింది. నలభై రోజులు సెలవడిగాడు. మేనేజరు నన్ను పిలిచి తలుపు వేశాడు. అతనికి తిరిగొచ్చే వీసా కాదు, చివరి వీసా పెట్టమన్నాడు. ముందే చెబితే అతను కదలడనీ, కదలకపోతే తర్వాతి పేరు నాదేననీ కూడా చెప్పాడు. నా చేత్తోనే పెట్టాను.

అక్కడ మనవాళ్ళందరికీ ఒక అలవాటుంది. సెలవు మీద వెళ్ళి తిరిగొచ్చేది ఖురూజ్ అవుదా, మళ్ళీ రాకుండా వెళ్ళిపోయేది ఖురూజ్ నిహాయీ. నోట్లో మాత్రం రెండూ ఖురూజే. ఆ సాయంత్రం మల్లేశన్న ఫోను పట్టుకుని పైకి వచ్చాడు. తెరమీద అరబ్బీలో మెసేజ్. "ఏమొచ్చింది తమ్మీ గిది, ఖురూజేనా?" అన్నాడు. మెసేజ్‌లో నిహాయీ అన్న మాట నా కళ్ళకు కనబడుతూనే ఉంది. "ఖురూజేనన్నా, వచ్చేసింది" అన్నాను. అబద్ధం ఆడలేదు. అంతకన్నా నీచమైన పని చేశాను.

అతను సంతోషంగా కిందికి దిగాడు. పానాలు వరసగా తగిలించి గుడ్డ కప్పాడు. గోరాసాబ్ చక్రం ఒకటి సగం పనిలో ఉంటే, "నేనొచ్చేదాక దీన్ని ఎవ్వలు ముట్టొద్దని చెప్పు" అన్నాడు. చెబుతానన్నాను. దమ్మాం విమానాశ్రయం దగ్గర నేనే దింపాను. దారి పొడుగునా చెప్పడానికి సమయం ఉంది. నోరు రాలేదు.

నలభయ్యో రోజు పొద్దున హైదరాబాదు విమానాశ్రయం నుంచి ఫోన్ చేశాడు. "వీసా లేదంటున్నరు తమ్మీ. నిహాయీ కొట్టిండ్రంట. నీకని మామిడికాయ తొక్కు పట్టుకొచ్చిన, ఇప్పుడు గిదంతా ఏం జెయ్యాలె?" అన్నాడు. అతని వెనక ఎవరో పక్కకు జరగమంటున్నారు. "అయ్యో, అలా చేశారా అన్నా" అన్నాను. అతనే అందుకున్నాడు. "నీకు తెల్వకుంట చేసిండ్రు. నీకెర్కుంటే నాకు చెప్పకపోదువా." నేను ఊ కొట్టాను.

ఆ ఊ కొట్టినందుకు నన్ను నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో. తర్వాత ఏడాదికి మా ఆవిడకు ఇక్కడి ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చి మేమూ కదిలాం. మల్లేశన్న కోరుట్ల బస్టాండు దగ్గర పంక్చర్లు వేస్తున్నాడని విన్నాను. ఇక్కడికి వచ్చిన మొదటి వేసవిలో, గోరాసాబ్ కాగితంలోని ఆ చర్చి నిజంగానే మా ఇంటికి ఆరు మైళ్ళ దూరంలో ఉందని తెలిసి వెళ్ళాను. ఎక్కుడు ఎక్కి, రొప్పుతూ, కొండ మీంచి అతనికి వీడియో కాల్ చేశాను. ఈసారి నిజం చెప్పాలని గట్టిగా అనుకునే చేశాను. ఫోను చుట్టూ తిప్పి చూపించాను. పొదల గోడల మధ్య దారి, ఒకదాని వెనక ఒకటిగా దిగిపోతున్న పచ్చటి దిబ్బలు, కింద రాతి వంతెన. అతను ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. జుట్టంతా నెరిసిపోయింది.

"వంతెన కాడ మలుపున్నది, బ్రేకు జర ముందుగాల పట్టు" అన్నాడు చివరికి. "నువ్వు తొక్కుతుంటే నేను తొక్కినట్టే తమ్మీ. నిన్నొక్కణ్ణి నమ్మిన గాడ. ఖోబర్ల ఇంకెవల్ని నమ్మలె."

ఆ మాట విన్నాక చెప్పలేకపోయాను. వచ్చేవారం చెబుదామనుకున్నాను. వారాలు దొర్లాయి. శీతాకాలంలో ఒకరోజు వాళ్ళబ్బాయి ఫోన్ చేసి, నాన్న గుండెపోటుతో పోయాడని చెప్పాడు. "మీ గురించే ఎప్పుడూ చెప్పేటోడు అంకుల్" అని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. అతనికి నా ఏడుపు ఓదార్పుగా వినిపించి ఉంటుంది.

ఇప్పటికీ ప్రతి ఆదివారం ఆ దారిన వెళ్ళివస్తాను. మా ఆవిడ ప్రార్థన చేసుకోండి, దేవుడు క్షమిస్తాడంటుంది. క్షమిస్తాడేమో. కానీ నేను అడగవలసింది మల్లేశన్నను. అతను మాత్రం, నేను తప్పు చేశానన్న సంగతే తెలియకుండా, నన్ను మంచివాడనుకునే పోయాడు.