పక్కింటి అక్క ముక్కు

నా చిన్నప్పుడు మా ఇంటి కింద ఒక కుక్క బతికుండగానే కుళ్ళిపోవడం మొదలుపెట్టింది. ఇలా మొదలుపెడితే చదివేవాళ్ళు ముక్కు మూసుకుంటారని నాకు తెలుసు. మూసుకోండి, తప్పులేదు. మా ఇంట్లో అందరం చేసిన పని అదే.

మాది అండమాన్ దీవుల్లో, పోర్ట్ బ్లెయిర్‌లోని డిగ్నాబాద్. అప్పట్లో మా వీధిలో అన్నీ చెక్క ఇళ్ళే. పైన రేకులు, కింద పొట్టి స్తంభాలు. నేలకు పరిచిన చెక్కల సందుల్లోంచి కింద మట్టి కనిపించేది. మా తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో ఓడెక్కి వచ్చినవాడు. మా నాన్న ఇక్కడే పుట్టి, దీవుల మధ్య తిరిగే బోటులో పనికి కుదిరాడు. ఉత్తర కొసన ఉన్న డిగ్లీపూర్ దాకా వెళ్ళి మళ్ళీ మా ఊరి ఫీనిక్స్ బే జెట్టీ చేరేదాకా ఆయన మాకు కనబడేవాడు కాదు. ఒకసారి ఆ జెట్టీ దగ్గరే దొరికిన కుక్కపిల్లను చంకలో పెట్టుకుని వచ్చాడు. అది మా మెట్ల మీద మెడ నిక్కించి, బోటు నడిపేది తానే అన్నట్టు కూర్చునేది. అందుకని నాన్న దానికి సరంగు అని పేరు పెట్టాడు.

ఒక వానాకాలంలో చేపల పొట్టల కోసం వీధికుక్కలతో కొట్లాడి సరంగు తోక మొదట్లో పెద్ద కాటు తెచ్చుకుంది. కుక్కన్నాక కాట్లు మామూలే, నాక్కుని మాన్పుకుంటుందిలే అనుకున్నాం. కానీ ఆగని వానకు పుండు ఆరలేదు, ఈగలు వాలాయి. అది ఇంటి కిందికి దూరి, పిలిచినా బయటికి రావడం మానేసింది. సాయంత్రం ప్రార్థనకు చాపలు పరుచుకుని కూర్చుంటే చెక్కల సందుల్లోంచి కంపు పైకి వచ్చేది. చేపల కంపు మాకు కొత్త కాదు, చేపలు తిని పెరిగినవాళ్ళం. ఈ కంపు వేరు. ఇందులో ఒక తీపి ఉండేది. తాతయ్య కీర్తన మధ్యలో ఆగి ఉమ్మి వచ్చేవాడు. మా అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే ఆమెన్ అనేది.

చివరికి ఎండుచేప ఆశ చూపి దాన్ని బయటికి రప్పించాం. పుండులో అన్నం మెతుకుల్లాంటివి తెల్లగా కదులుతున్నాయి. ఒకదాని కింద ఒకటి దూరుతూ, లోపలికి పోతూ, మళ్ళీ పైకి తేలుతూ ఉన్నాయి. ఛీ! ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తోంది. ఆ పూట నేను కంచం ముందు కూర్చోనే లేదు.

మా తాతయ్యకు ఆకు వైద్యం అంటే మహా నమ్మకం. పెరట్లో సీతాఫలం చెట్టు ఉండేది. దాని ఆకు కోసి, పసుపు వేసి, రోట్లో మెత్తగా నూరాడు. పురుగు పట్టిన పుండుకు ఈ ఆకుకు మించిన మందు లేదని మాకు చెబుతూ ఎంతో ఉత్సాహంగా నూరాడు. ఆ పచ్చటి ముద్ద చూడ్డానికి బాగుంది, వాసనా ఘాటుగా బాగుంది. ఇక పెట్టాల్సిన చోట పెట్టే వేళకి ఆయన బారెడు దూరంలో నిలబడి, ముఖం పక్కకు తిప్పుకుని, అట్లకాడతో ఆ ముద్దను పుండులోకి నెట్టాడు. పాత లుంగీ ముక్కతో గట్టిగా కట్టు కట్టించాడు. చేతులు దులుపుకుని, "ఆకు ఏసేసినాం. ఇంక దేవుడు సూసుకుంటాడు" అన్నాడు.

చర్చిలో ఈ సంగతి తెలిసి తలా ఒక మాట చెప్పారు. ఒకాయన వేపాకు అన్నాడు, ఒకావిడ వావిలాకు అంది, ఇంకొకరు తులసి రసం పిండమన్నారు. మా ఇంటిదాకా వచ్చినవాళ్ళూ గుమ్మంలోనే నిలబడి, ముక్కు మూసుకుని, ఆకు పేరు చెప్పి వెళ్ళిపోయారు. ఆకు పేరు చెప్పని మనిషి లేడు. ఆ కట్టు విప్పి లోపల ఏముందో చూసిన మనిషీ లేడు. ఆ వైద్యులందరి మీదా నాకు ఇప్పటికీ రోతే.

కంపు తగ్గలేదు సరికదా, రెట్టింపయింది. సరంగు తిండి మానేసింది. తోక ఆడించబోయి, నొప్పికి మధ్యలోనే ఆపేసేది. అమ్మ భరించలేక బోటువాళ్ళ చేత నాన్నకు కబురు పంపింది. నాన్న దగ్గర్నుంచి తిరుగు కబురు వచ్చింది. తాను వచ్చేటప్పుడు గోనెసంచి తెస్తాననీ, దాన్ని ఆ బాధలో ఉంచకుండా సముద్రంలో వదిలేస్తాననీ, అందాకా పిల్లల్ని దగ్గరికి పోనివ్వొద్దనీ. నాన్న కసాయివాడు కాదు. ఆ రోజుల్లో పశువుల డాక్టరు ఆవులకూ గేదెలకూ తప్ప మా వీధి కుక్కలకు అందేవాడు కాదు. ఆ కబురు విన్నాక నేను ఏడవని పూట లేదు. బోటు వచ్చేలోగా ఆ పుండు బాగుపడకపోతే నా సరంగు ఇక ఉండదు.

అప్పుడు వచ్చింది పక్కింటి అక్క. అక్క అంటే మా వీధి పిల్లలందరికీ హడల్. శుభ్రం ఆవిడకు జబ్బులాంటిది. వీధి కుళాయిని బూడిదతో మూడుసార్లు తోమితే గానీ కింద బిందె పెట్టేది కాదు. ఆవిడ వరండాలో ఎవరి కాలిముద్ర పడినా అది ఎవరిదో కనిపెట్టి, ఇంటికొచ్చి మరీ తిట్టేది. ఇక ఆ ముక్కు గురించి చెప్పనే అక్కర్లేదు. రెండిళ్ళ అవతల కూర మాడినా ఆవిడకే ముందు తెలిసేది. సరంగు అంటే ఆవిడకు పరమ అసహ్యం. అది ఒకసారి ఆవిడ ఆరబెట్టిన దుప్పటి మీద పడుకుంది. ఆ దుప్పటి ఆవిడ మళ్ళీ కప్పుకోలేదు.

అలాంటి మనిషి ఒక పొద్దున్న ముక్కుకు గుడ్డ కట్టుకుని మా పెరట్లోకి వచ్చి నిలబడింది. "ఓలమ్మో, ఏటీ బద్బూ! నాకు నిన్నట్నుంచి మెతుకు దిగట్లేదు. దాని కట్టు ఎవులైనా ఇప్పి సూసినారా, నేదా?" అంది. ఎవరూ చూడలేదని తాతయ్య నసిగాడు. ఆకు పని ఆకు చేస్తోందని సర్దిచెప్పబోయాడు.

"మీ ఆకు పురుగుల్ని సంపింది తాతా, బాగానే ఉంది. సచ్చినోటిని ఎవులు తీస్తారు? ఆకు తీస్తాదా?" అని ఆయన మీద విరుచుకుపడి, నా వైపు తిరిగింది. "ఓలే గుంటా, బాల్టీలో ఏడినీల్లు తే. వేపాకు ఏసి మరిగించినవి. జల్దీ!"

నా జడ రిబ్బను విప్పించి దానితో సరంగు మూతి కట్టింది. తల గట్టిగా పట్టుకోమని నన్ను కూర్చోబెట్టింది. లుంగీ ముక్క విప్పింది. లోపలున్నది వర్ణించను. ఆకుపచ్చగా ఉండాల్సింది నల్లబడి జారిందనీ, చచ్చిన పురుగులు చచ్చినచోటే కుళ్ళాయనీ, వాటి అడుగున బతికున్నవి ఇంకా మెదులుతున్నాయనీ మాత్రం చెబుతాను. అక్క ఒక్క క్షణం చూసింది. లేచి అరటి చెట్ల వెనక్కి పరుగెత్తింది. ఆవిడ కక్కుకుంటున్న చప్పుడు మాకు స్పష్టంగా వినబడింది.

ఇక అయిపోయింది, ఆవిడ రాదు అనుకున్నాను. తాతయ్య కూడా అదే అనుకుని లుంగీ ముక్క మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఇంతలో అక్క నోరు పుక్కిలించుకుని, మొహం కడుక్కుని, తిరిగి వచ్చి అదే చోట కూర్చుంది. కొబ్బరి ఈనెను మధ్యకు వంచి, దాని రెండు కొసలతో ఒక్కొక్క పురుగునూ పట్టి తీసి ఉప్పునీళ్ళలో వేయడం మొదలుపెట్టింది. తీస్తూ ఆ కుక్కను తిట్టింది, కుక్కను తెచ్చిన మా నాన్నను తిట్టింది, ఆకుల పేర్లు చెప్పిపోయిన వాళ్ళందరినీ వరసపెట్టి తిట్టింది. మధ్యలో మళ్ళీ లేచి అరటి చెట్ల వెనక్కి వెళ్ళింది. మళ్ళీ పుక్కిలించుకుని వచ్చింది. ఎన్నిసార్లు వెళ్ళిందో నేను లెక్కపెట్టలేదు. వెళ్ళిన ప్రతిసారీ వచ్చింది.

తాతయ్యకు ఏమనిపించిందో, చాలాసేపటికి, "ఇంత అసయ్యం అయితే నువ్వెందుకమ్మా, దేవుడే…" అని గొణిగాడు. "దేవుడు ఆకిచ్చేడు తాతా, సేతులు కూడా ఇచ్చేడు గదా!" అంది అక్క, తల ఎత్తకుండానే. తాతయ్య లుంగీ ముక్క పక్కన పడేశాడు. వెళ్ళి ఇంకో బాల్టీ నీళ్ళు తెచ్చి పక్కన పెట్టి, ఈసారి దగ్గరగానే కూర్చున్నాడు.

అడుగంటా కడిగాక వేపాకు నీళ్ళతో మళ్ళీ కడిగింది. సీతాఫలం ఆకు కొత్తగా నూరి, లోపల మిగిలినవి పైకి తేలేలా కాసేపు ఉంచి, తేలినవి తీసి, ఆ ముద్దనూ కడిగేసింది. చివర్లో కొబ్బరి నూనెలో పసుపు కలిపి పలచగా రాసింది. కట్టు కట్టనివ్వలేదు. నాక్కోకుండా వక్క చెట్టు డొప్పకు నడుమ కన్నం చేసి సరంగు మెడకు తొడిగింది. ఆ వెడల్పాటి డొప్పలో దాని ముఖం పళ్ళెంలో పెట్టినట్టు కనబడింది. ఎన్ని రోజుల తరువాతో నాకు నవ్వు వచ్చింది. అక్క మాత్రం నవ్వలేదు. ఇంటికి పోయి తలంటు పోసుకుంది.

తరువాత ప్రతి పొద్దునా ముక్కుకు గుడ్డ కట్టుకుని, తిట్టుకుంటూ వచ్చి, పుండు విప్పారదీసి చూసి, గుడ్డ దించి వాసన చూసి, కడిగి వెళ్ళేది. మందు పనిచేస్తోందో లేదో ఆ ముక్కే చెప్పేది. మా ఇంటి కంపు తగ్గుతూ వచ్చింది. నాన్న బోటు వచ్చిన రోజున ఆయన సందు మలుపు తిరిగి, చంకలో గోనెసంచితో కనిపించాడు. సరంగు మెట్లు దిగి, డొప్పను అటూ ఇటూ కొట్టుకుంటూ ఆయనకు ఎదురెళ్ళింది. తోక ఆడించింది, ఈసారి ఆపకుండా. నాన్న వంగి పుండు చూశాడు. ఎర్రగా, శుభ్రంగా, అంచులు కలుస్తూ ఉంది. ఆయన సంచిని మెట్ల కింద పరిచి దానికి పక్క వేశాడు. గోడ అవతల నుంచి అక్క గొంతు వినబడింది: "ఆ సంచీ ఉడకబెట్టకుండా ఎయ్యకు భయ్యా!"

సరంగుకూ అక్కకూ ఆ తరువాతా పడలేదు. అది ఆవిడను చూస్తే గుర్రుమనేది, ఆవిడ చీపురు విసిరేది. ప్రేమతో చేసిన పని కాదది. ప్రేమ మా ఇంట్లో కావలసినంత ఉంది. ప్రేమ ఉన్న మేమంతా చూడలేక ముఖం తిప్పుకున్నాం. చూసి ఓర్చుకోలేని మనిషి వచ్చి కడిగింది.

మొన్న నా మనవరాలి పిల్లికి చెవి వెనక పుండు పడింది. పిల్ల తన ఫోనులో ఒక వీడియో చూపించింది. వేణువు మోగుతుంటే, తెల్లటి గిన్నెలో పచ్చటి ఆకులు, పక్కన నవ్వుతున్న కుక్క బొమ్మ. అంతా నేచురల్ అమ్మమ్మా, నేనూ ఆకు నూరి పెట్టేశాను అంది. ఆ వీడియో మీద నాకు రోత పుట్టింది. అందులో పుండు లేదు, వాసన లేదు, చెయ్యి పెట్టే మనిషే లేడు. నువ్వు పుండు విప్పి చూశావా అని అడిగాను. ఛీ, నా వల్ల కాదు అంది.

పిల్లిని తువ్వాలులో చుట్టి పట్టుకుని, మనవరాలి చేతనే ఆ ముద్ద కడిగించాను. అడుగున చీము చూడగానే పిల్ల పెరట్లోకి పరుగెత్తింది. నేను పిల్లిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. లోపలికి చూస్తే నాకూ వాంతి వచ్చేలాగే ఉంది, ఈ వయసులో కూడా. లోతుగా ఉన్నట్టుంది, కడిగేసి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాలి అనుకున్నాను. తలుపు వైపు తలతిప్పి చెవులు రిక్కించాను. అసహ్యపడి వెళ్ళిన మనిషి కోసం అలా ఎదురుచూడడం నాకు ఆ అరటి చెట్ల దగ్గరే అలవాటయింది. కాసేపటికి కుళాయి తిప్పిన చప్పుడు, పుక్కిలించిన చప్పుడు, ఆ తరువాత ఇటే వస్తున్న అడుగుల చప్పుడు వినిపించాయి.