తూర్పు ముఖం బస్సు

మా ఇల్లు ఒక పాత బస్సు. ఏదో ప్రైవేటు బడి పిల్లల్ని మోసి మోసి చివరికి తుక్కుకు వచ్చింది. మార్కాపురంలో వెల్డింగ్ పని చేసే మా ఆయన, ఇంజనూ చక్రాలూ లేని ఆ బాడీని కొని, గిద్దలూరు రోడ్డు పక్కన ఒక రైతు కందిచేను మూలలో రాతి దిమ్మెల మీద నిలబెట్టాడు. బోరు మోటారుకు కాపలా ఉంటామంటే ఆ పెద్దాయన చోటిచ్చాడు. ఆయన్ని నేను మామా అని పిలుస్తాను. ఎంత మామ అయినా నేల ఆయనదే. రేపు తీసుకుపొమ్మంటే క్రేను తెచ్చుకోవాల్సిందే.

అయినా నేను సంతోషంగానే ఒప్పుకున్నాను. టౌన్లో అద్దె ఇల్లు అడగబోతే ముందు కులం అడిగేవాళ్లు, తర్వాత ఏ చర్చి అనేవాళ్లు. ఇల్లిచ్చినా గోడకు మేకు కొట్టనిచ్చేవాళ్లు కాదు. ఆ కసి కొద్దీ బస్సు నిండా కొక్కేలు వెల్డింగ్ చేయించుకున్నాను. తగిలించడానికి ఏమీ లేని చోట కూడా చేయించుకున్నాను.

బస్సును దించే రోజు రైతు మామ ఒకటే పట్టు పట్టాడు. "మీ ప్రార్థన మీరు చేసుకోండి, నేనేం వద్దనను. ఇంటి ముఖం మాత్రం తూర్పుకుండాల."

ప్రతిష్ఠ ప్రార్థనకు వచ్చిన పాస్టరు గారు కూడా తలూపారు. మామూలు ఇంటికైతే ముఖమంటే వాకిలి. బస్సుకు ముఖమెక్కడ? అందరం ఒక్కసారే డ్రైవరు ముందరి అద్దం వైపు చూశాం. అంతే, క్రేను దాన్ని తూర్పుకు తిప్పింది. పొద్దున్నే ఎండంతా ఆ అద్దంలోంచి లోపలికొచ్చేది. సాయంత్రం వెనకద్దంలోంచి వచ్చేది. మధ్యలో పైరేకు కాలేది. వాస్తు కుదిరింది గానీ మేం ఉడికిపోయాం.

ఆ ఎండల్లోనే మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. తొలికాన్పుకు పుట్టింటికి తీసుకురావాలి. నాకున్నది ఒక్కతే కూతురు. దాని పురుడు నా చేతుల మీద జరగాలని ఎంత ఆశపడ్డానో మా ఆయనకు కూడా పూర్తిగా తెలియదు. దర్శి నుంచి మా వియ్యంపురాలు ముందుగా ఇల్లు చూడటానికి వచ్చింది. సీటు మీద కూర్చుని, గోడకు అరచెయ్యి ఆనించి, చటుక్కున తీసేసుకుంది.

"ఏంది వదినె ఇది? పెద్దోళ్లమే తట్టుకోలేకుండా ఉండామే, పసిబిడ్డ ఎట్ల బతుకుతాది? కాన్పు మా కాడనే కానీలే."

ఆమె అన్నది నిజం. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది. ఆమె దర్శి బస్సెక్కి వెళ్లాక ఆ కోపమంతా మా ఆయన మీద చూపించాను. ఇల్లంటే గోడలుండాలనీ, నీకు ఇనుము తప్ప ఏమీ కనపడదనీ నోటికొచ్చినట్టు అన్నాను. ఏడ్చాను కూడా. ఆయన మర్నాడు యర్రగొండపాలెం వైపు నుంచి బోదగడ్డి తెచ్చి, రేకుకు జానెడు పైన పందిరిలా కప్పడం మొదలుపెట్టాడు. రెండు అద్దాలకూ గోనెపట్టాలు కట్టి నీళ్లు చల్లాడు. పైకప్పుకూ రేకుకూ మధ్య గాలి ఆడేసరికి లోపల మనిషి కూర్చోగలిగేంత చల్లబడింది. ఫోన్లో ఆ మాట చెప్పగానే అమ్మాయి, "నేను మాయమ్మ కాడికే పోతా అత్తా" అని మొండికేసిందట.

పెద్దాసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డల్ని బస్సుకే తెచ్చుకున్నాను. నిలబడినవాళ్లు పట్టుకునే పై కడ్డీకి నా పాత నూలుచీరతో ఉయ్యాల కట్టాను. బిడ్డ హాయిగా నిద్రపోయింది. అంత సుఖం నా జన్మలో ఎరగను.

బిడ్డను చూడటానికి వియ్యంపురాలు వచ్చింది. రెండు రోజులన్న మనిషి వారం దాటినా కదల్లేదు. నా వంటలో, నా కొక్కేల్లో ఏం తప్పు పడుతుందోనని జవాబులు సిద్ధం చేసుకుని తిరిగేదాన్ని. ఒక మధ్యాహ్నం తల్లీబిడ్డలిద్దరూ నిద్రపోతుంటే బయట పందిరి చూరు కింద కూర్చుని గోంగూర ఒలుస్తున్నాం. ఆమె గొంతు తగ్గించింది.

"పెండ్లైన కాడి నుంచి మా బావగారింట్లోనే ఉండాము వదినె. తోటికోడలు పొయ్యి వదిలితేనే నాకు పొయ్యి. నా ఇష్టానికి ఒక్క గిన్నె ఒక్క చోట పెట్టుకోలేదు."

నేను ఆకు ఒలుస్తూనే ఉన్నాను. ఆమె లోపలికి ఒకసారి తొంగి చూసి, కోడలు లేవలేదని నిమ్మళపడి అడిగింది.

"ఇట్లాంటిది ఇంకోటి దొరుకుతాదేమో అన్నను అడుగుతావా? ఇంత పెద్దది వద్దు. చిన్న వ్యానైనా చాలు."

గోంగూర పక్కన పెట్టి ఆమె చెయ్యి పట్టుకున్నాను. అప్పటి నుంచి మా ఆయన పాత ఇనుము కొట్లు గాలిస్తూనే ఉన్నాడు. ఆమె మాత్రం ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదట.