గుమ్మపాల గ్లాసు

సాయంత్రం నాలుగూ ఇరవైకి అమ్మ బర్రెను పితకడం మొదలుపెట్టింది. ఆ రోజు నేను గడియారం చూసుకుంటూ వాకిట్లో కూర్చున్నాను. అమ్మ మీద నాకు అనుమానం.

పాతబస్తీ హుస్సేనీ ఆలంలో పాలమ్ముకుని బతికే ఇల్లు మాది. డెబ్బైలలో నాలుగు బర్రెలుండేవి. ఇంట్లో ఎవరికి నలతగా ఉన్నా, పితికిన పాలను కాచకుండా ఆ వెచ్చదనం మీదే ఒక గ్లాసు తాగించేవాళ్ళు. వాటిని గుమ్మపాలంటారు. కాస్తే బలం పోతుందని అమ్మ నమ్మకం.

తమ్ముడికి రక్త క్యాన్సర్ అని తెలిసి అప్పటికి మూడు నెలలు. మొదట నేను అనుమానించింది ల్యాబ్‌ను. తెల్లకణాలు ఒంటికి కాపలా అని చదివాను. వాడి రక్తంలో అవి ఉండాల్సిన దానికంటే ఎక్కువున్నాయని కాగితంలో రాశారు. మరి మాటిమాటికీ జ్వరం ఎందుకు? బేగంబజార్ దగ్గర ఇంకో ల్యాబ్‌లో చేయించాను. అదే ఫలితం.

ఇదే అడిగితే డాక్టరు విసుక్కోలేదు. "ఉన్నాయి, కానీ ఎదగకముందే రక్తంలోకి వస్తున్నాయి. క్రిమి ఎదురైనా పట్టుకోలేవు. మా మందులు ఆ కాస్త మంచివాటినీ చంపుతాయి" అన్నాడు. నీళ్ళయినా పాలయినా మరగకాచి ఇమ్మన్నాడు.

అమ్మకు చెబితే నవ్వింది. "పుస్తకాలు సదివెటోనివి, బర్రెకు ఎన్ని సన్లుంటయో ఎరుకనా నీకు? నిన్ను గీ పాలే పెంచినయి బిడ్డా."

కాచిన పాలు చల్లారితే మీగడ కడుతుంది. తమ్ముడు తాగి పెట్టిన గ్లాసు అంచున మీగడ ఎన్నడూ కనిపించలేదు.

ఆ సాయంత్రం అమ్మ గ్లాసును కొంగు చాటున పెట్టుకుని వాడి గదిలోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. అప్పటికే వాడి మీసాల మీద నురుగు ఉంది.

"ఏందమ్మా ఇది?"

వాడే అన్నాడు: "నేనే అడిగిన అన్నా. అమ్మనేమనకు. నోటికి ఏదీ రుచి తెలుస్తలేదు, గిదొక్కటే తెలుస్తున్నది."

"డాక్టర్ ఏమన్నడో ఇన్నవా?"

"ఇన్న. నీ తెల్లకణాల కాపలోళ్ళు ఎట్లాగూ పనిజేస్తలేరు గదా. నన్నన్న తాగనియ్యి."

గ్లాసు గుంజుకోవాలని చెయ్యి చాపాను. వాడు నవ్వుతున్నాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మిగిలిన సగం తాగేశాడు.

నాలుగో రోజు చలితో జ్వరం వచ్చింది. ఈసారి దిగలేదు. పది రోజులకు పోయాడు.

పాల సంగతి డాక్టరుకు చెప్పాను. "పాల వల్లే అని చెప్పలేను. అలాంటి ఒంటికి సొంత నోట్లో ఉండే క్రిములు చాలు" అన్నాడు. అది నిజమే కావచ్చు. నన్ను ఓదార్చడానికి అన్నాడేమోనని ఇప్పటికీ అనుమానం. ఆ మాట అమ్మకు చెప్పలేదు. ఆమె అడగలేదు.

అమ్మ తర్వాత చాలా ఏళ్ళు బర్రెలను పితికింది. పితికే చోటికి గ్లాసు తీసుకెళ్ళడం మాత్రం మా ఇంట్లో మళ్ళీ లేదు.