వైఫై డబ్బా ఏడ పెట్టాలె

ఆ వైఫై డబ్బాను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దాన్ని కోరుట్లలోని మా అత్తగారింట్లో పెట్టించింది మా ఆయనే, గల్ఫ్ నుంచి ఫోన్లో మాట్లాడి. "ఫోన్ల నెట్టు ఆగాగి వస్తంది. వైఫై ఉంటె మంచిగ మాట్లాడుకోవచ్చు" అన్నాడు. పెళ్లయిన నాలుగో నెలకే విమానం ఎక్కిన మనిషి. ఆ మాట్లాడుకోవడం నాతోనే అనుకుని వారం రోజులు సంబరపడ్డాను. నా అంత పిచ్చిది ఇంకొకతి ఉండదు.

వైరు లాగే అతను జగిత్యాల నుంచి వచ్చాడు. స్తంభం నుంచి ఇంటిదాకా వైరు తెచ్చి, నిచ్చెన దిగి, ఎదురుగా ఉన్నాను కాబట్టి నన్నే అడిగాడు.

"చెల్లె, డబ్బా ఏడ పెట్టాలె?"

"లోపటి అర్రల" అన్నాను. లోపలి అర్ర అంటే మా గది.

మాట పూర్తి కాకముందే అత్తమ్మ అందుకుంది. "లోపటి అర్రల ఎందుకే? ఏం గుసగుసలున్నయే నీకు? హాల్ల పెట్టు కొడుకా, టీవీ పక్కన. నలుగురు కూసునే కాడ."

అతను హాలుకీ మా గదికీ మధ్య ఉన్న గోడను తట్టి చూశాడు. ఆ గోడకు ఆనించి మా గదిలో ఇనుప బీరువా ఉంది. "బీరువ అడ్డమున్నదమ్మా. హాల్ల పెడితె లోపటికి సిగ్నల్ రాదు" అన్నాడు.

"రాకుంటె రాకపాయె."

అయిపోయింది. నేను ఆ ఇంటి కోడలిని, బీరువా లాంటిదాన్నే అనుకున్నారేమో, ఇంకోమాట ఎవరూ అడగలేదు. అతను మిగిలిన వైరును పెద్ద చుట్టగా చుట్టి టీవీ వెనక మేకుకు తగిలించాడు. "దీన్ని మడత వెట్టకుండ్రి. లోపట గాజు పోగుంటది, ఇరుగుతది" అని చెప్పి వెళ్లాడు. అత్తమ్మ డబ్బాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, పైన అల్లిక గుడ్డ కప్పింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు కదా, మా ఇంట్లో పూజారి ఆమె.

మరుసటి నెల నా ఫోన్ రీచార్జ్ ఆగిపోయింది. "ఇంట్ల వైఫై ఉండంగ నీకు మల్ల రీచార్జ్ దేనికి?" అంది అత్తమ్మ. నేను చుట్టిన బీడీల పైసలు ఆమె చేతికే వెళ్తాయి. అంతకుముందు ఆగుతూనో సాగుతూనో నా గదిలో కూర్చుని ఆయనతో రెండు మాటలు మాట్లాడుకునేదాన్ని. మంచి నెట్టు వచ్చి ఆ రెండు మాటలూ మింగేసింది.

శుక్రవారం ఆయనకు సెలవు. హాలు నిండేది. అత్తమ్మ, మామ, పక్క గల్లీలో ఉండే ఆడబిడ్డ, ఆమె పిల్లలు. ఫోను ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి తిరిగి తిరిగి, ఆయన కళ్లు మూతలు పడే వేళకు నా దగ్గరికి వచ్చేది.

"తిన్నవా?"

"తిన్న. మీరు?"

గదిలో ఆయన నాకు నువ్వు. హాల్లో మీరు. ఆ మీరు అన్నప్పుడల్లా ఎవరో పరాయి మనిషిని పలకరించినట్టుండేది.

మాది సిరిసిల్ల. ఇంట్లోనే మరమగ్గాలు నడిచేవి. మా అమ్మానాన్నలకు రహస్యం చెప్పుకోవాలంటే గది కూడా అక్కర్లేదు, నడుస్తున్న మగ్గం పక్కన నిలబడితే చాలు. ఆ చప్పుడులో చెవి దగ్గర చెప్పిన మాట చెవికే ఉంటుంది. ఇక్కడ హాల్లో చెంచా కిందపడినా అందరూ తలెత్తి చూస్తారు.

ఒక శుక్రవారం ఆయన అసలు సంగతి తెచ్చాడు. కంపెనీ ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టమంటోందట. వారంలోపల చెప్పాలట. "పెట్టు కొడుకా, ఇంక అడుగుడేంది" అన్నాడు మామ. అత్తమ్మ తలూపింది. అప్పుడు ఆయన ఫోను నాకు ఇమ్మన్నాడు. "నువ్వేమంటవ్?" అన్నాడు.

హాలంతా నా వైపు తిరిగింది. ఆడబిడ్డ చిన్నపిల్ల కూడా నోట్లో వేలు తీసి చూసింది. వద్దు, వచ్చెయ్ అనే మాట గొంతుదాకా వచ్చింది.

"మీ ఇష్టం" అన్నాను.

ఆ రాత్రి అన్నం సయించలేదు. అందరి మీదా కోపమే. అందరి ముందు అడిగిన ఆయన మీద ఇంకా కోపం. సిరిసిల్లలో ఉన్న మా చెల్లి "మెసేజ్ పెట్టరాదే అక్కా" అంది. ఆయనకు చదవడం అంతంతమాత్రం. వచ్చిన మెసేజ్‌లన్నీ అక్కడ ఆయన గదిలో ఉండే పక్క మంచం అతను చదివి వినిపిస్తాడు. నా మొగుణ్ణి నేను రమ్మనడానికి ఆ పరాయి నోరు కావాలా?

ఆ తర్వాతి శుక్రవారం అత్తమ్మ, మామ గొల్లపల్లికి పెళ్లికి వెళ్లారు. తలనొప్పని నేను ఉండిపోయాను. హాల్లో మాట్లాడదామంటే పక్క గల్లీ ఆడబిడ్డ ఎప్పుడైనా రావచ్చు. ఆటో మలుపు తిరగగానే స్టూలు వేసుకుని ఎక్కాను. మేకు మీది చుట్ట విప్పి, మడత పడకుండా వైరును తలుపు పైనున్న వెంటిలేటర్లోంచి మా గదిలోకి లాగాను. మగ్గాలింట్లో పుట్టినదాన్ని, పోగు తెగకుండా లాగడం నాకెవరూ నేర్పనక్కర్లేదు. డబ్బాను మంచం పక్కన పెట్టి స్విచ్ వేశాను. ఎర్ర లైటు చాలాసేపు సతాయించి పచ్చగా మారింది. తలుపు వేసుకుని ఫోన్ చేశాను.

"ఎవ్వరు లేరా?" అన్నాడు ఆశ్చర్యంగా.

"లేరు. ఇను. సంతకం పెట్టకు. నాకేమద్దు. నువ్వు రా."

ఆయన ముఖం మారిపోయింది. "ఆగు, బైటికి వస్త" అని లేచి తలుపు వైపు నడిచాడు. గడప దగ్గర బొమ్మ ఆగిపోయి ఫోను తెగిపోయింది. వాళ్ల డబ్బా కూడా అందరూ పడుకునే గదిలోనే ఉందని నాకు అప్పుడు తెలిసింది. మళ్లీ చేశాను. తిరిగొచ్చి అదే మంచం మీద కూర్చున్నాడు. వెనక మంచాల నిండా మనుషులు.

"నిన్ననే పెట్టిన" అన్నాడు మెల్లగా. "నా ఇష్టమంటివి గదా. గా మాట గా దినమే ఎందుకు చెప్పకపోతివి?"

"ఏడ చెప్పాలె?" అని అరిచాను. "ఏడ చెప్పాలె చెప్పు! మీ అమ్మ పక్కన కూసోని చెప్పాల్నా? మీ చెల్లె పిల్లలు ఇనంగ చెప్పాల్నా?"

ఆయన వెనక మంచాల మీద ఉన్నవాళ్లు ఒక్కొక్కరే గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆయన ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఏడ్చాను, ఏడుస్తూనే తిట్టాను, నెట్టు ఒక్కసారి కూడా ఆగలేదు.

పొద్దుగూకాక అత్తమ్మ వచ్చింది. టీవీ పక్కన అల్లిక గుడ్డ ఒక్కటే ఉంది.

"డబ్బా ఏదే?"

"నా అర్రల ఉన్నది."

"ఎవలు తీసిండ్రు?"

"నేనే తీసిన. ఇగ కొడుకుతోని మాట్లాడాల్నంటె నువ్వే లోపటికి రా అత్తమ్మా. తలుపు కొట్టి రా."

మామ పెళ్లి నుంచి తెచ్చిన లడ్డూల సంచి చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అత్తమ్మ వైరును వెంటిలేటర్ దాకా చూసింది, నన్ను చూసింది. మరుసటి శుక్రవారం వచ్చి తలుపు కొట్టింది. ఆయన మాత్రం ఇంకా అక్కడే ఉన్నాడు.