స్టెనో అక్కయ్య అర్జీ

ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానని ఆ మునిసిపల్ ఆఫీసులో స్టెనో అక్కయ్య ఒక వింత. మూసిన తలుపుల వెనక పెద్దలు వాదించుకుంటుంటే, మూల కుర్చీలో కూర్చుని, వేళ్ళు కాయలు కాసేలా అంతా రాసుకుంటుంది. మీటింగ్ అవగానే నోటుపుస్తకం బీరువాలో పెట్టి, తాళంచెవి మెడలో దారానికి తగిలించుకుంటుంది. "ఏం తేల్చారు అక్కయ్యా?" అని కింద అర్జీలు తీసుకునే గుమాస్తా అడిగితే, "ఎండ మండిపోతోంది కదూ!" అంటుంది, జోరువానలో కూడా. రోడ్డు వెడల్పుకి ఏ దుకాణాలు కొట్టేయాలో మూడు నెలలు చర్చించారు. అందులో ఆవిడ సొంత అక్క కుట్టు దుకాణం కూడా ఉందని నిర్ణయం ప్రకటించాకే అందరికీ తెలిసింది. ఆ మూడు నెలల్లోనే అక్క కొత్త అరలు కొట్టించుకుంటే, పెదవి విప్పకుండా చెక్క పట్టుకుని నిలబడిందట ఈవిడ.

నిర్ణయం ప్రకటించిన మర్నాడు సమాచార హక్కు కిటికీ ముందు వరసలో ఆఖర్న ఆవిడే ఉంది. ఆ చర్చల నకలు కావాలని అర్జీ పెట్టింది. గుమాస్తా నోరు వెళ్ళబెట్టాడు. "మీరు రాసిందేగా అక్కయ్యా! ఎవరేమన్నారో మీ అక్కకి చెప్పేస్తే పోలా?"

"నేను చెబితే చాడీ అవుతుంది తమ్ముడూ. ఈ కిటికీలోంచి వస్తే సాక్ష్యం. అక్క అప్పీలు చేసుకుంటుంది. ఎప్పుడు రమ్మంటావు?"

"నెల పడుతుందండీ," అన్నాడతను, తనకి తెలియకుండానే లేచి నిలబడి.

ఆవిడ రసీదు మడిచి పెట్టుకుని, మెట్లెక్కి, ఆ బీరువా పక్కనే ఉన్న తన కుర్చీలో కూర్చుంది.